ముట్టి చూచు చరిత్ర



సింహాచలయాత్ర చేసినవారందఱు ఎఱిగిన సంగతి యొకటి కలదు. అచ్చట స్వామి నిజరూపము ఏటి కొక్కసారి, అక్షయతృతీయనాడు మాత్రమే కానవచ్చును. తక్కిన దినములందు మనకు లభించునది చందనముచే గప్పబడిన మూర్తియొక్క దర్శనము. అయినను ఆ యాలయముననే కప్పస్తంభ మనునది యొకటి కలదు. సంతానార్థులును, ఆర్తులును దానిని రెండు చేతులతో కౌగిలించుకొని తమ కోరికను చెప్పుకొందురు. స్వామిని చూచి రావలెను. స్తంభమును ముట్టి రావలెను. చూపు వేఱు, స్పర్శ వేఱు అని మన పెద్దలు ఒక్క గుడిలోనే తెలిపి యుంచిరి.

ఆ కొండకు చేరువనున్న విశాఖపట్టణమున, సముద్రపుటొడ్డున, ఇటీవలి కాలమున కొన్ని ప్రదర్శనశాలలు వెలసినవి. పిల్లలను వెంటబెట్టుకొని కుటుంబములకు కుటుంబములే అచ్చటికి పోవుచున్నవి. అవి కేవలము వినోదస్థానములని కొందఱు పెద్దలు పెదవి విఱుచుట నే నెఱుగుదును. నేనును మొదట అట్లే తలచితిని. నా తలంపు ఎట్లు మాఱినదో, మాఱిన తరువాతను మనసున మిగిలిన కొఱత యేదో, నేడు మీతో ముచ్చటింపగోరుచున్నాను.

నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుంటిని. ఉద్యోగమున చేరిన క్రొత్తలో, నలువదిమంది పిల్లలను వెంటబెట్టుకొని యొక పట్టణపు మ్యూజియమునకు పోతిని. ఏ పట్టణమో చెప్పను. అచ్చట నల్లరాతి నంది యొకటి యుండెను. మా పిల్లవాడొకడు దాని మూపురముపై చేయి వేసెను. కాపరి వెంటనే బెత్తముతో వాని వ్రేళ్లపై కొట్టెను. తిరుగు ప్రయాణమున బస్సులో వాడు నన్నడిగిన ప్రశ్న నేటికిని నా చెవులలో నున్నది. "మాస్టారండీ, మన ఊరి గుళ్లో నందిని రోజూ తడుముతాం గదండీ. ఈ నందిని తడిమితే కొట్టేడేటండీ?" వ్యాకరణము చెప్పువానికి సమాధానము దొరకని ప్రశ్నలు తక్కువ. ఆనాడు నాకు దొరకలేదు.

ఆ కాపరిని నేను నిందింపను. వేయి చేతులు సోకినచో రాయియు నరుగును. అయినను 'ముట్టరాదు' అను నియమము మనము తలచునంత ప్రాచీనమైనది కాదు. ఇంగ్లండులోని ఆక్సుఫర్డు పట్టణమున ఆష్మోలియన్ మ్యూజియము 1683వ సంవత్సరమున తెఱవబడినది. జనసామాన్యమునకు ప్రవేశ మిచ్చిన తొలి శాలలలో అది యొకటి. 1710లో ఉఫెన్‌బాఖ్ అను జర్మను పండితుడు దానిని చూడబోయి, వచ్చినవారెల్ల వస్తువులను ఇచ్చవచ్చినట్లు చేత బట్టుచున్నారని విసుగుకొని వ్రాసెను. అనగా నాటికి ముట్టి చూచుటయే వాడుక. అద్దపు బీరువాలును, తాళములును, బెత్తములును తరువాత వచ్చినవి. 1814లో కలకత్తాలో స్థాపింపబడిన మ్యూజియమును జనులు జాదూఘర్ అని పిలిచిరి. ఇంద్రజాలపు టిల్లు అని యర్థము. ఇంద్రజాలమును దూరమునుండియే చూడవలెను గదా!

మరల త్రోవ మాఱినది ఇరువదవ శతాబ్దమున. జర్మనీలోని మ్యూనిక్ నగరమున 1903లో ఆస్కార్ ఫాన్ మిల్లర్ అను ఇంజనీరు స్థాపించిన శాలలో, చూడవచ్చినవారే మీట నొక్కి యంత్రమును నడిపి చూచు నేర్పాటు కలిగెను. 1969లో ఫ్రాంక్ ఆపెన్‌హైమర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో రేవుపట్టణమున ఎక్స్‌ప్లొరేటోరియము అను శాలను తెఱచెను. అందు ప్రతి వస్తువును పిల్లలు త్రిప్పవచ్చును, లాగవచ్చును, ఊదవచ్చును. 2013లో ఆ శాల ఓడలు నిలుచు పాత రేవుకట్టడమునకే మాఱినది. ఆపెన్‌హైమరు కొంతకాలము ఉన్నతపాఠశాలలో పిల్లలకు పాఠములు చెప్పినవాడు. ఈ సంగతి తెలిసినపు డాయన మా కులమువాడే యని నాకు సంతోషము కలిగినది.

అదే 1969వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన, నాటి సోవియట్ దేశపు రీగా రేవునందు, కుర్సురా అను జలాంతర్గామి మన నౌకాదళమున చేరినది. దాని కథయే నా ప్రసంగమునకు ప్రధానము. అయితే తుదకు అది వచ్చి విశ్రమించిన యూరిని గూర్చి ముందుగా కొంత చెప్పవలసి యున్నది.

విశాఖపట్టణము ప్రకృతి యిచ్చిన రేవు అనుట సగమే నిజము. దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొని వచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ గాలివానలకు అడ్డు నిలుచును. అది ప్రకృతి యిచ్చినదే. ఆ కొండచాటున నుండినది మాత్రము బురదమడుగు. ఇంగ్లీషు కంపెనీవారు 1682 ప్రాంతమున ఇచ్చట వర్తకశాల పెట్టిన నాటినుండి, రెండువందల యేబదియేండ్లు ఓడలు దూరముగ సముద్రముననే లంగరు వేసెడివి. సరకును జనులును కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలపై కెరటములను దాటి ఒడ్డు చేరవలసి యుండెను. ఇనుపమేకు లేని ఆ పడవ కెరటము కొట్టినపుడు విఱుగక వంగెడిది. 1927 మొదలు 1933 వరకు బెంగాల్ నాగపూర్ రైల్వేవారి యాధ్వర్యమున ఆ బురదను త్రవ్వి తోడి నేటి లోపలి రేవును నిర్మించిరి. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ అను ఓడ మొట్టమొదట లోనికి వచ్చినది. డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభోత్సవము జరిపెను.

ఇందొక విచిత్రము కలదు. కెరటములు కొట్టుకొని వచ్చు నిసుక రేవుముఖమును పూడ్చివేయకుండుటకు అడ్డుకట్ట కావలసి వచ్చెను. అందులకు జేనస్, వెల్లెస్డన్ అను రెండు పాతయోడలను రాళ్లతో నింపి కొండ మొదట ముంచివేసిరి. ఓడలను ముంచి రేవును నిలుపుకొనిన యూరు ఇది. నీట మునుగుటకే పుట్టిన నావను ఒడ్డు కెక్కించుటయు దీనికే చెల్లినది.

రేవు కట్టి తొమ్మిదేండ్లు గడవకముందే, 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. ఊరు ఊరంతయు పల్లెలదారి పట్టినది. మా గ్రామమున మా పెరటి చావడిలో మూడు కుటుంబములు రెండునెలలపాటు తలదాచుకొనెనని మా నాయనగారు చెప్పెడివారు. వారి బండ్లలో నొకదానిపై వంటపాత్రలకు బదులు హార్మోనియ మొకటి యుండెనట. భయమున మనుష్యుడు ఏది పట్టుకొని పరుగెత్తునో చెప్పజాలము. నాడు ప్రేలక మిగిలిన యొక బాంబు తొడుగును విశాఖ మ్యూజియమున నేడు చూడవచ్చును. 1991లో తెఱచిన ఆ మ్యూజియము సముద్రమున కెదురుగా డచ్చివారి కాలపుదని చెప్పబడు పాత బంగళాలో నున్నది. అందు కత్తులు, నాణెములు, జమీందారీ వస్తువులు కలవు. అది బీరువాల పద్ధతి. దానిని తక్కువ చేయుట నా యభిమతము కాదు. కాని మనుమలతో పోయినవారు అచ్చట ఎక్కువసేపు నిలువజాలరు.

ఇక కుర్సురా. పొడవు 91 మీటరులకు పైగా నుండును. రమారమి మన లెక్కన రెండువందల మూరలు. డెబ్బదియైదుమంది వఱకు అందు పనిచేసెడివారు. 1971 యుద్ధకాలమున అరేబియా సముద్రమున కాపలా తిరిగినది. ముప్పదియొక్క సంవత్సరములు సేవించి, 73,500 నాటికల్ మైళ్లు నడచి, అనగా భూమండలమును మూడుమారులు చుట్టుటకు మించిన దూరము పోయి, 2001 ఫిబ్రవరిలో విరమించినది. పాతబడిన నావలను సాధారణముగా ఇనుపముక్కలుగా కోయుదురు. దీని నట్లు చేయక, రామకృష్ణా బీచి యొడ్డునకు లాగి తెచ్చి, కాంక్రీటు పునాదిపై నిలిపి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెఱచిరి. దక్షిణాసియాలో ఇట్టిది ఇదియే మొదటిది.

నీట మునుగు విధమును మీకు పల్లెలోని యుదాహరణముతో చెప్పెదను. నూతిలో చెంబును బోర్లించి నొక్కినచో లోని గాలి దానిని పైకి నెట్టును. ఒకప్రక్కకు వంచి నీరు నిండనిచ్చినచో బుడబుడమని మునుగును. జలాంతర్గామికి చుట్టును పెద్ద తొట్లు కలవు. వానిలోనికి నీరు విడిచినచో మునుగును. బిగించి నింపియుంచిన గాలిని వదలి ఆ నీటిని నెట్టివేసినచో తేలును. నీటిమీద నున్నంతసేపు డీజిలు యంత్రములు నడచుచు బ్యాటరీలలో విద్యుత్తును నింపును. డీజిలునకు గాలి కావలెను గనుక, నీటిలోపల అవి యూరకుండును. బ్యాటరీల శక్తితో విద్యుత్తు మోటారులే దానిని చడిచప్పుడు లేక నడుపును. బ్యాటరీ యుడుగుచున్నపుడు మరల పైకి వచ్చి గాలి పీల్చుకొనవలసినదే. తాబేలును చూచిన మనకు ఇది వింత కాదు.

మూడేండ్ల క్రిందట పదియేండ్ల నా మనుమరాలితో నే నందు ప్రవేశించితిని. అది ఏడు గదులుగా విభజింపబడి యున్నది. గదికిని గదికిని నడుమ గుండ్రని యినుపద్వారము. పిల్ల కుందేలువలె దూఱి పోయినది. నేను మొదట తల దూర్చవలెనో కాలు దూర్చవలెనో తెలియక నిలిచిపోతిని. నా వెనుక నున్న గ్రామస్థు డొకడు "తాతగారూ, తల వంచాల, కాలు ముందెట్టాల" అని నేర్పెను. ముందుభాగమున ఆఱు, వెనుకభాగమున నాలుగు గొట్టములు. టార్పిడోలను వదలుట కవియే ద్వారములు. ఇరువది రెండు టార్పిడోలను మోయగల నావలో మనుష్యునకు మిగిలిన చోటెంత? అరలవలె నొకదానిపై నొకటి మంచములు. త్రాగునీటికే పొదుపు గనుక స్నానము మాట అరుదు. పగలు రాత్రి భేదము లేదు. గోడలనిండ చక్రములు, మీటలు, ముండ్లగడియారములు. ఆ యినుమునకు నూనెవాసన నేటికిని వదలలేదు.

చరిత్రపుస్తకమున 'నావికులు మిక్కిలి కష్టములకోర్చి' అని ఒక వాక్యము చదివి మనము పుట త్రిప్పుదుము. ఆ గుండ్రని ద్వారమున నడుము పట్టుకొనిపోయినపుడు ఆ వాక్యము నా కర్థమైనది. బస్సులోని ఆ పిల్లవాని ప్రశ్నకు సమాధానమును అచ్చటనే లభించినది. నందిని తడిమి తడిమి వాడు నేర్చుకొన్నది బీరువా దగ్గఱ నిలిచి నేర్చుకొనజాలడు. ఇన్నేండ్లకు ఆ మాట చెప్పుదునన్న, వాడిపు డెచ్చట నున్నాడో తెలియదు.

అయితే పిల్లలు దానిని ఆటవస్తువని తలచిపోవుట నాకు భయము. కుర్సురా నిలిచిన తీరమునకు ఎదుట, సముద్రగర్భమున, మఱియొక జలాంతర్గామి పడియున్నది. పాకిస్తానువారి ఘాజీ 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖపట్టణము దాపున మునిగిపోయినది. లోపలివారిలో ఒక్కడును బ్రదుకలేదు. మన రాజ్‌పుత్ అను నౌక విడిచిన బాంబులచే మునిగినదని మనవారు చెప్పుదురు. తాను పఱచిన మందుపాతరయో, లోపలి ప్రేలుడో కారణమని ఆ దేశమువారు చెప్పుదురు. ఆ రాత్రి జరిగినది చెప్పదగినవారు నావతోడనే పోయిరి గనుక, ఒక పక్షమునే గట్టిగా పలుకుటకు నాకు నోరాడదు. 1971 యుద్ధవిజయమునకు స్మారకముగా తీరమున 1996లో ఒక స్తంభము నెత్తిరి. ఒక నావ ఇంటికి చేరి పిల్లలకు మెట్లు వేయించుకొనినది. ఒకటి నీట సమాధియైనది. రెంటిలోపలి మంచములును అంతే యిఱుకు.

కుర్సురాకు ఎదుట, బాటకు ఆవలిప్రక్కను, టీయూ 142 అను విమానము నిలిచియున్నది. దాని పని సముద్రముపై తిరుగుచు జలాంతర్గాములను వెదకుట. ఱెక్కలు చాచిన వెడల్పు సుమారు 50 మీటరులు. 1988 మొదలు 2017 వఱకు ఇరువదితొమ్మిది సంవత్సరములు, ప్రమాద మొక్కటియు లేక ముప్పదివేల గంటలు ఈ జాతి విమానములు మన నౌకాదళమున ఎగిరినవి. విరమించిన పిమ్మట వానిలో నొకటి అరక్కోణమునుండి తన ఱెక్కలమీదనే విశాఖపట్టణము చేరినది. దానిని విప్పి, బీచి రోడ్డునకు తెచ్చి, మరల కూర్చిరి. 2017 డిసెంబరు 7వ తేదీన నాటి రాష్ట్రపతి రామనాథ కోవింద్ గారు దానిని ప్రారంభించిరి. అందు సోనోబాయ్ అను గొట్టములను చూపుదురు. విమానమునుండి వానిని సముద్రమున జారవిడిచిన, అవి తేలుచు నీటిలోని చప్పుడును విని పైకి తెలుపును. అనగా బాట కీవలిది సముద్రమున దాగునది. ఆవలిది దాగినదానిని ఆకసమునుండి వెదకునది. జీవితకాల మంతయు ఒకదాని జాతి నొకటి తప్పించుకొని తిరిగినవి, వార్ధక్యమున ఎదురెదురు అరుగులపై కూర్చున్న దాయాదులవలె నున్నవి.

కైలాసగిరిపై ఉద్యానము, 1977లో తెఱచిన జంతుప్రదర్శనశాల మున్నగునవి మీరు వినియే యుందురు. వానికి ఈ ప్రసంగమున చోటు లేదు. పిల్లల కవి చెప్పకయే తెలియును.

ఇక నా కొఱత. ఈ తీరమున నిలిపిన పెద్ద వస్తువులన్నియు యుద్ధసంబంధమైనవి. అవి నిలుపదగినవే. కాని విశాఖపట్టణము రేవుగా మన పల్లెలకు తెలిసినది యుద్ధముచేత కాదు, వలసచేత. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి వేలకొలది జనులు ఇచ్చటినుండియు, కాకినాడనుండియు ఓడలెక్కి బర్మాకు పోయిరి. 'రంగము పోయినాడు' అని మా పల్లెలలో అనెడివారు. ఆ దేశమువారు మన వారిని కోరంగి రేవు పేరున కోరంగీలని పిలిచిరి. మా మాతామహులు రంగూనులో బియ్యపు మిల్లున గుమాస్తాగా నుండిరి. 1942లో ఆ నగరము జపానువారి వశమగుటకు ముందుగా బయలుదేరి, అడవులను కొండలను దాటి కాలినడకను వచ్చిరి. వారు నా పదియవయేట పోయిరి. వారి రేకుపెట్టె యొకటి మా యింట మిగిలినది. ఆ నడకను గూర్చి వారు చెప్పలేదు, నేనడుగలేదు. నా కమరకోశము కంఠపాఠము చేయించిన మనిషి తాను దాటిన కొండల పేర్లు మాత్రము వెంట తీసికొనిపోయెను.

అట్లే జాలరుల తెప్ప. దుంగలను త్రాళ్లతో కట్టిన ఆ తెప్ప ఈ తీరమున అన్ని ఓడలకంటె పాతది. నా చిన్ననాట ఒడ్డుపొడుగున తెప్పలే. వాని చోట నేడు ఫైబరు పడవలు నిలిచినవి. వలసజనులు కూర్చున్న ఓడ డెక్కు ఎంత యిఱుకో, తెప్పపై కెరటమును దాటుట యెట్లో, పిల్లలు మోకాలు వంచి తెలిసికొనుటకు వీలైన చోటు నేను చూడగోరుచున్నాను. దానికి యుద్ధనౌకంత ఖర్చు కాదు. నాలుగు దుంగలు, ఒక త్రాడు, కట్టుట తెలిసిన యొక వృద్ధుడు చాలును. ఆ వృద్ధుడు దొరకుటయే నానాటికి కష్టమగుచున్నది.

కుర్సురాలో మాకు అన్నియు చూపినవాడు నౌకాదళమున పనిచేసి విరమించిన మనిషి. అచ్చట త్రోవ చూపువారు అట్టివారే. తలనెరసినవాడు, మాట తక్కువ. మేము వెలుపలికి వచ్చు సమయమున నా మనుమరాలు "తాతా, మీరిక్కడ ఎక్కడ పడుకునేవారు?" అని అతని నడిగినది. నే నామెను వారింపబోతిని. అతడు నవ్వి, వచ్చిన దారినే రెండు ద్వారములు వెనుకకు దూఱి, ఇట్టి నావలలో తనకు దొరకెడి చోటు వంటిదని యొక మంచమును చూపెను. పిల్ల దానిని జానలతో కొలువ మొదలిడినది. వెనుకనున్నవారు త్వరపెట్టుచుండిరి. అతడు ద్వారమున కడ్డముగా నిలిచి, ఆమె కొలుచుట ముగియువఱకు ఎవ్వరిని రానీయలేదు.